లోపలి సప్పుడు

మా మనవరాలికి ఏడో ఏడు నడుస్తున్నప్పుడు పట్నంలో పెద్ద డాక్టరు ఒక మాట అన్నాడు. "మెదడులో ఉన్న ఆ మచ్చ తీసేస్తే ఫిట్స్ ఆగిపోవచ్చు. కానీ మాట ఆ మచ్చ పక్కనే ఉంటే, మచ్చతోపాటు మాట కూడా పోవచ్చు. ముందు ఈ పిల్లకు మాట ఎక్కడుందో చూడాలి."

నేను చదివింది నాలుగో తరగతి వరకు. సూర్యాపేట మార్కెట్ దగ్గర చాలా ఏళ్లు పప్పుల దుకాణం నడిపినదాన్ని. మూతి కట్టిన సంచిని బయటి నుంచి నొక్కి చూసి లోపల కందులో పెసర్లో చెప్పగలను. కానీ మనిషి తలకాయలో మాట ఎక్కడుందో వెతకడమనేది నాకు అంతుపట్టలేదు.

"మాట నాలుక మీద ఉంటది గద సారూ" అన్నాను.

ఆయన నవ్వలేదు. అందుకే ఆయన మీద నాకు గురి కుదిరింది. బల్ల మీద ప్లాస్టిక్ తలకాయ ఒకటి పెట్టి, రెండు చెక్కలుగా విడదీసి చూపించాడు. నాలుక పలకడం వరకేనట. విన్నదాన్ని అర్థం చేసుకునేది, కావలసిన పదాన్ని వెతికి తెచ్చేది మెదడులో ఒక జాగా. చాలామందికి అది ఎడమ చెక్కలో ఉంటుంది. మా పిల్ల మచ్చ కూడా ఎడమ చెక్కలోనే, చెవికి కొంచెం పైన ఉంది.

ఆ మచ్చ ఏడాదిన్నర వయసులో వచ్చిన జ్వరం పెట్టిపోయింది. అప్పుడు మొదలైన ఫిట్స్ మూడు రకాల మందులు మారినా పోలేదు. పిల్ల మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేది. కళ్లు ఒక పక్కకు పోయేవి, పెదవులు చప్పరించేది, కుడి చెయ్యి కట్టెలా బిగుసుకునేది. తేరుకున్నాక ఎక్కడ ఆపిందో దానికి గుర్తుండేది కాదు. ఒకసారి బడి మెట్ల మీద పడి మూతి కింద గదవ పగిలింది. ఆ తర్వాత పక్కన పెద్దవాళ్లు లేకుండా బాత్రూముకు కూడా పంపొద్దని టీచరు చెప్పింది.

ఆ రోజు డాక్టరు గది బయట మా ముగ్గురికి మూడు మాటలైనాయి. మా కొడుకు మిర్యాలగూడలో రైసు మిల్లులో మిషన్ ఆపరేటరు. "తీపిద్దాం అమ్మా, ఇంకెన్నేండ్లు ఇట్ల?" అన్నాడు. మా కోడలిది కోదాడ. కళ్లు తుడుచుకుంటూ, "ఫిట్స్ తోటి అయినా బతుకుద్ది అత్తయ్యా. నోట మాట పోతే అది నన్ను అమ్మా అని పిలవడం ఎట్టా?" అన్నది. నేను ఇద్దరినీ ఊరుకోమన్నాను. "ముందు ఎక్కడున్నదో సూడనీయండి. సూడకుండనే ఏడుపెందుకు?"

చూసే మిషన్ సంగతి మాకు చెప్పింది ఒక చిన్న డాక్టరమ్మ. గుంటూరు వైపు పిల్ల, మాట మెత్తన. మత్తు ఇవ్వరట. పిల్ల మెలకువగా గొట్టం లాంటి దాంట్లో అరగంట పడుకోవాలి. చెవుల్లో ఒక గొంతు చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతుంది. పిల్ల నోరు తెరవకుండా మనసులో జవాబు అనుకోవాలి. మెదడులో ఏ జాగా పనిచేస్తే అక్కడికి రక్తం ఎక్కువ పారుతుంది, మిషన్ దాన్ని పట్టుకుంటుంది. ఈ ఒక్క ముక్క నాకు వెంటనే అర్థమైంది. ఏ మడికి నీళ్లు పారుతున్నాయో గట్టు మీద నిలబడి చూసినట్టే కదా అనుకున్నాను.

"కానీ మామ్మగారూ, ఈ వయసు పిల్లలు కదలకుండా ఉండలేరండీ. కొంచెం కదిలినా బొమ్మ చెడిపోతుంది. మళ్లీ వంతు రావాలంటే ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేను" అన్నది.

"కదలకుండ పండబెట్టుడు నాకొదిలెయ్యి బిడ్డా" అన్నాను.

మా ఇంట్లో ఒక మాట ఉంది. సప్పుడు చేయకు. మిగతావాళ్ల ఇళ్లలో అది నోరు మూసుకోమనే మాట. మా ఇంట్లో దాని పని ఇంకా ఎక్కువ. ఏడవకు, అది కావాలి ఇది కావాలి అనకు, పెద్దవాళ్ల మధ్యకు రాకు, లేవకు, అన్నిటికీ ఆ ఒక్క మాటే. మా కొడుకును దాంతోనే పెంచాను. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకూ అదే చెప్పాను. ఎక్కువ మాట్లాడితే పని పాడవుతుందని నా నమ్మకం.

మర్నాటి నుంచే పిల్లను తయారు చేయడం మొదలుపెట్టాను. చెక్క మంచం కింద చాప పరిచి పడుకోబెట్టాను. మంచం పట్టె దాని ముక్కుకు జానెడు ఎత్తున ఉండేది. నుదుటి మీద ఒక చింతగింజ పెట్టేదాన్ని. గింజ జారితే ఆట పోయినట్టు. జారకపోతే పల్లీపట్టి ముక్క. మొదటి రోజు వంద లెక్కపెట్టేలోపే గింజ మూడుసార్లు జారింది. పది రోజులకు నేను పప్పు కడిగి, పొయ్యి మీద పెట్టి, విజిల్ వచ్చేదాకా కూడా జారలేదు.

సప్పుడు ఒకటి మిగిలింది. మిషన్ డబడబమని మోగుతుందట. కొడుకు ఫోనులో ఆ మోత వినిపించాడు. అది నాకు దోమ పాటలా అనిపించింది. "గిదేం సప్పుడురా, దీనికి పిల్ల కాదు, పిల్లి గూడ లేవది" అని, ఆ ఆదివారం పిల్లను తీసుకుని మిర్యాలగూడ మిల్లుకు పోయాను. వడ్లు పొట్టు తీసే మిషన్ గోడకు ఇవతల ఖాళీ గోనె సంచులు పరిచి పడుకోబెట్టాను. గోడ అదురుతోంది. నేల అదురుతోంది. తవుడు దుమ్ముకు పిల్లకు తుమ్ము రాబోతే ముక్కు పట్టుకున్నాను. బియ్యం ఏరే ఆడవాళ్లు చేటలు పక్కన పెట్టి చుట్టూ చేరారు.

"ఏందమ్మా, పిల్లను గూడ బియ్యం చేపిస్తవా?" అన్నది ఒకామె.

"పాలిష్ ఎక్కువ పట్టియ్యకు అవ్వా, ఇప్పటికే తెల్లగున్నది" అన్నది ఇంకొకామె.

నేను నవ్వలేదు. పిల్ల చెవి దగ్గర వంగి గట్టిగా చెప్పాను. "ఒంట్లె ఏదీ కదలొద్దు. నోట్లె నాలుక కదలొద్దు. లోపట మనసు గూడ సప్పుడు చేయొద్దు. రాయి లెక్క పండుకో." పిల్ల పడుకుంది. మోత ఆగేదాకా గింజ ఉన్నచోటనే ఉంది. ఆ రోజు నాకు కలిగిన గర్వం తల్చుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతాయి.

పరీక్ష రోజు కోడలు కారు కిరాయికి మాట్లాడదామన్నది. ఆడవాళ్లకు బస్సు టికెట్టు లేకుండా ఊరికే ఉండగా కారెందుకని నేను ఎక్స్‌ప్రెస్ ఎక్కించాను. ఆసుపత్రిలో పిల్ల పట్టీలు, కమ్మలు, జడలో పిన్నులు, మెడలో తాయెత్తు అన్నీ తీయించి నా కొంగులో ముడేసుకున్నాను. అరగంటకు డాక్టరమ్మ బయటికి వచ్చి నా రెండు చేతులు పట్టుకుంది.

"వెంట్రుకంత కూడా కదల్లేదండీ మామ్మగారూ! పెద్దవాళ్లు కూడా ఇలా పడుకోరు."

వారం తర్వాత పెద్ద డాక్టరు పిలిపించాడు. ఈసారి ఆయన తలకాయ బొమ్మ బయటికి తీయలేదు.

"పిల్ల విన్నట్టు కనిపిస్తోంది. శబ్దం వినే జాగాలు రెండువైపులా పనిచేశాయి. కానీ మాట వెతికే జాగా ఎటువైపూ కనిపించలేదు."

"అంటే దానికి మాటే లేదా సారూ?" అన్నది కోడలు.

"అలా కాదమ్మా. మాకు దొరకలేదు, అంతే. దొరకకుండా నేను కత్తి పెట్టను." ఇంకో పద్ధతి ఉందట. తొడ దగ్గర నరంలోంచి సన్నని గొట్టం పంపి, మెదడులో ఒక సగాన్ని కాసేపు నిద్రపుచ్చి, మాట వస్తుందో లేదో చూడాలి. ఇంత చిన్న పిల్లకు అది చేయడం ఆయనకు ఇష్టం లేదు. రెండు మూడేళ్లు ఆగి చూద్దామన్నాడు. ఆగడమంటే అన్నాళ్లూ ఆ మెట్లు, ఆ బాత్రూము, ఆ బిగుసుకునే చెయ్యి. ఇంటికి తిరిగొచ్చాం. మూడో రోజు కోడలు పిల్లను తీసుకుని కోదాడ తల్లిగారింటికి పోయింది.

పోతూ పోతూ పిల్ల రాత్రి వేసుకునే ఫిట్స్ గోళీలు మరిచిపోయింది. అవి పట్టుకుని మధ్యాహ్నం బస్సుకు నేను కోదాడ పోయాను. నేను పోయేసరికి పిల్ల అరుగు మీద కూర్చుని పల్లీలు ఒలుస్తోంది, ఒలిచినవాటిలో సగం నోట్లో వేసుకుంటోంది. పక్కన కూర్చుని నేనూ ఒలవడం మొదలుపెట్టాను. ఏదో ఒకటి మాట్లాడాలి కనుక అడిగాను.

"ఆ మిషన్ల ఏమడిగిన్రే నిన్ను?"

"ఒక ఆంటీ అడిగింది. జుట్టు దేంతోటి దువ్వుకుంటరు, పాలు ఏదిస్తది, గట్లనే."

"నీకు తెల్వలేదా?"

"తెలుసు. దువ్వెన. బర్రె."

"మరి మనసుల చెప్పినవా?"

"లే."

"ఎందుకు చెప్పలే?"

ఇదేదో కొత్త పరీక్షేమో అన్నట్టు పిల్ల నా మొహంలోకి చూసింది. "నువ్వే అన్నవ్ గద నానమ్మా, లోపట గూడ సప్పుడు చేయొద్దని. నేను అస్సలు చేయలే. జవాబు వస్తుంటే గూడ ఆపిన. ఆంటీ మాట్లాడుతుంటే మిల్లు మోగుతుంది అనుకున్న."

పల్లికాయ నా వేళ్ల మధ్య అట్లాగే ఉండిపోయింది. పిల్ల మెచ్చుకుంటానని చూస్తోంది. గడప దగ్గర నిలబడిన కోడలు అంతా విన్నది. కాపురానికి వచ్చిన ఎనిమిదేళ్లలో ఆమె నాకు ఎదురు చెప్పలేదు.

"ఇన్నేళ్లు నా నోరు మూయించారు, సర్దుకున్నా అత్తయ్యా. దాని మనసు కూడా మూయించారా?"

"ఊరుకోవే, పెద్దామెను పట్టుకుని" అని లోపలి నుంచి వాళ్లమ్మ కేకేసింది.

"ఊరుకోను" అన్నది కోడలు.

ఆమె అనవలసిందే అన్నది. నేను లేచి కొంగు దులుపుకుని గోళీలు ఆమె చేతిలో పెట్టాను. "రేపు పొద్దున బస్సుకు పట్నం పోదాం. తప్పు నాది. నేనే చెప్త."

"ఫోన్ చేస్తే సరిపోద్దిగా."

"ఫోన్ల ఒప్పుకుంటే సగమే ఒప్పుకున్నట్టు."

నేను చెప్పిందంతా డాక్టరమ్మ నిలబడే విన్నది. చింతగింజ, మంచం, మిల్లు, చివరికి నేను పిల్ల చెవిలో చెప్పిన మాట, ఒక్కటీ దాచలేదు. ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది.

"తప్పు మీ ఒక్కరిదే కాదు మామ్మగారూ. పిల్ల లోపల జవాబు చెప్తోందో లేదో మేమూ చూసుకోలేదు. అంత బుద్ధిగా పడుకుంటే అన్నీ సరిగ్గా జరుగుతున్నాయనుకున్నాం."

మళ్లీ చేస్తామన్నారు. ఈసారి పిల్ల చేతికి ఒక మీట ఇస్తారట. జవాబు తోచినప్పుడల్లా నొక్కాలి. అంతటితో ఊరుకోక, ఆ ప్రశ్నలు నాకు వినిపించమన్నాను. హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా విన్నాను. వేరుశెనగ, బంగాళాదుంప, చొక్కా, మధ్యమధ్య ఇట్లాంటి పదాలు.

"బిడ్డా, ఇవి మా పిల్లకు అర్థం కావని కాదు. బళ్లె వింటది. కానీ ఇంట్ల వస్తువు అడిగితే ఇంటి మాటనే ముందు ఉరికొస్తది. పల్లీలు అను. ఆలుగడ్డ అను. అంగి అను."

"దుంప అంటే తెలీదాండీ?"

"తెలుసు. మీ దిక్కు తిట్టేటప్పుడు అంటరు గద, నీ దుంప తెగ అని."

ఆమె పడీపడీ నవ్వింది. పెద్ద డాక్టరును అడిగి, నాలుగైదు పదాలు మార్చి మళ్లీ చదివించి పెడతానన్నది. అసలు తప్పు ఆ పదాలది కాదని నాకు తెలుసు. అయినా సవరించగలిగింది ఏదీ వదలకూడదనుకున్నాను.

కోడలు, పిల్ల నాతోపాటే మా ఇంటికి వచ్చేశారు. ఈసారి నేర్పడం కష్టమైంది. నోరు మూయించడం నాకు వచ్చు. లోపల మాట్లాడించడం ఎట్లా? పొడుపు కథలు పట్టుకున్నాను. పిల్ల మంచం కింద పడుకుని నా బొటనవేలు పట్టుకునేది. నేను పొడుపు వేసేదాన్ని. జవాబు తోచగానే వేలు నొక్కాలి. తర్వాత నేను అడిగితే అప్పుడు పైకి చెప్పాలి. "వంగి వంగి ఇల్లంత తిరుగుతది, మూలకు పోయి నిలబడి నిద్రపోతది." నొక్కింది. చీపురు. "తోలు తీసినోళ్లనే ఏడిపిస్తది." నొక్కింది. ఉల్లిగడ్డ.

నాలుగు రోజులకు నాకు అనుమానం వచ్చింది. వేలు మరీ తొందరగా నొక్కుతోంది. నా సంతోషం కోసం నొక్కుతోందేమోనని, జవాబు లేని పొడుపు ఒకటి వేశాను.

"గోడ మీద నడిచే బెల్లం ఏంది?"

నొక్కింది.

"ఏందే?"

పిల్ల చాలాసేపు ఆలోచించింది. "బెల్లం తిన్న బల్లి."

వంటింట్లో కోడలు పకపక నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. నవ్వాక పిల్లను మంచం కింది నుంచి బయటికి లాగి కూర్చోబెట్టుకున్నాను. "సూడు బిడ్డా. తెలిస్తేనే నొక్కు. తెల్వకపోతే నొక్కకు. నేను కోపం జేయ." ఆ చివరి మాట నమ్మించడానికి వారం పట్టింది. ఆ వారంలో అది తప్పు చెప్పిన ప్రతిసారీ నేను ఏమీ అనకుండా ఇంకో పొడుపు వేశాను. వేయడానికి పొడుపులు అయిపోతే కోడలిని అడిగాను. కోదాడవి ఆమె దగ్గర చాలా ఉన్నాయి. ఇన్నేళ్లు ఆమెను ఎవరూ అడగలేదు.

రెండోసారి మిషన్‌లోకి పోయేముందు పిల్ల నన్ను అడిగింది. "నానమ్మా, ఈసారి రాయి లెక్కనా?"

"ఒళ్లు రాయి. లోపట సంత. ఎంత మాట్లాడుతవో మాట్లాడు."

ఈసారి పెద్ద డాక్టరు కంప్యూటర్‌లో బొమ్మ చూపించాడు. బూడిదరంగు మెదడు, దాంట్లో రెండు చోట్ల నిప్పుకణికల్లా నారింజరంగు. ఆ కణికలు బొమ్మలో ఎడమవైపు ఉన్నాయి. మచ్చ ఉన్నదీ ఎడమవైపే కదా.

"అయ్యో సారూ, ఎడమ దిక్కే ఉన్నది!"

"కాదమ్మా. ఈ బొమ్మ మనిషి మనకు ఎదురుగా నిలబడ్డట్టు ఉంటుంది. మనకు ఎడమవైపు కనిపించేది పిల్లకు కుడివైపు." తన కుడి చెవి పైన వేలు పెట్టి చూపించాడు. "మీ మనవరాలి మాట ఇక్కడుంది. పసితనంలోనే ఎడమవైపు దెబ్బ తినడంతో, మాట కుడివైపు చోటు చూసుకుంది. చిన్నపిల్లల్లో అలా జరుగుతుంటుంది."

పిల్ల మంచం మీద జ్వరంతో మూలుగుతున్నప్పుడు, మేము ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నప్పుడు, లోపల దాని మాట తన పాటికి తాను సామాను సర్దుకుని అవతలి గదిలోకి మారిపోయింది. మాకెవరికీ చెప్పలేదు.

పూర్తి హామీ ఇవ్వలేనని డాక్టరు చెప్పాడు. కొన్నాళ్లు పదాలు తడబడవచ్చు, ఫిట్స్ మొత్తం పోకపోనూ వచ్చు. కానీ కత్తి పెట్టడానికి ఇప్పుడు తను సిద్ధమేనన్నాడు. నా నోటి చివర "చేయండి" అనే మాట ఉంది. పళ్ల మధ్య ఆపుకుని కోడలి వైపు చూశాను.

ఆమె చాలాసేపు బొమ్మనే చూసింది. "చేయండి సార్" అన్నది.

ఇంటికి వచ్చాక పిల్ల అడిగింది. "నా మాట కోస్తరా?"

"కొయ్యరు. నీ మాట గీడ ఉన్నది" అని దాని కుడి చెవి పైన తట్టి చూపించాను. "వాళ్లు కోసేది ఆ దిక్కు."

అది నమ్మిందో లేదో నాకు తెలియలేదు. ఆపరేషన్ రోజు పొద్దున తెల్ల గౌను వేసి బండి మీద పడుకోబెట్టినప్పుడు మాత్రం కుడి అరచెయ్యి తీసుకుపోయి కుడి చెవి పైన మూతలా పెట్టుకుంది. నర్సు చెయ్యి తీయమంటే తీయలేదు. "మత్తు ఇచ్చేదాకా ఉండనివ్వండి" అన్నాడు డాక్టరు. అట్లాగే పోయింది. తలుపు మూసుకున్నాక కోడలు నా పక్కకు వచ్చి కూర్చుని, నా వేళ్లలో వేళ్లు పెట్టుకుంది.

మర్నాడు నన్ను లోపలికి పంపారు. తలకు తెల్ల కట్టు, మొహం ఉబ్బి ఉంది. నేను పిలవలేదు. ఎంతసేపైనా అదే ముందు మాట్లాడాలని ఊరికే నిలబడ్డాను. కళ్లు తెరిచింది, నన్ను చూసింది. చెయ్యి మెల్లగా పాకించుకుంటూ కట్టు మీదకు తీసుకుపోయి, కుడి చెవి పైన తడిమింది.

"ఉన్నది" అన్నది.

ఒక్క మాట, అదీ ముద్దగా. నేను బయటికి వచ్చి కోడలికి చెప్పబోతే నాకే మాట రాలేదు. తలుపు వైపు చెయ్యి చూపించాను. ఆమె ఉరికింది.